అతుకు లేని ఆరు పైపులు

వునితివి,
14 జనవరి 1996

బావ సాకియుసాకు,

నువ్వు దీవి వదిలి గ్లాడ్‌స్టోన్ పవర్‌హౌస్ పనికి వెళ్ళిన పది నెలలకు నీ కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. పంతొమ్మిదేళ్ళు కాటా దగ్గర చెరకు బళ్ళ తూకాలు రాసినవాణ్ణి ఇప్పుడు మిల్లు సామాను గదికి గుమాస్తాను. నీ రిజిస్టర్లు చదవడానికి మొదటి వారం సరిపోలేదు. పీత ఇసుకలో నడిచినట్టున్న ఆ రాతను నేను తప్ప ఇంకెవరూ చదవలేరని దత్ ఇంజనీరు గారు నన్ను ఎంచుకున్నారేమోనని నా అనుమానం.

ప్రతి అర జాబితా వేస్తున్నాను. ఇప్పటికి రెండు వందల పన్నెండు రకాలు తేలాయి. కొత్త బాయిలరు నుంచి గానుగ వరకు ఆవిరి గొట్టం వేస్తున్నారని నీకు మీ తమ్ముడు ఎరోని రాసే ఉంటాడు. దానికోసం నీ రిజిస్టరులో "ఆరంగుళాల పైపులు, ఆవిరికి, ఆరు" అని ఉంది. రాక్‌లోనూ ఆరే ఉన్నాయి. నాలుగు అమర్చేశారు, రెండు మిగిలాయి. అన్నింటికీ తుప్పు పట్టకుండా బూడిదరంగు వేసి ఉండటం వల్ల పైపు మీద రాసి ఉండవలసిన అక్షరాలు కనిపించడం లేదు.

నీ సొరుగులో ప్రమాణాల పుస్తకం దొరికింది. బొద్దింకలు మధ్య పేజీలు తినేశాయి. మిగిలిన వాటిలో నూట ఆరో నంబరు పైపు, యాభై మూడో నంబరు, అయిదు వందలో నంబరు అని ఉన్నాయి. అన్నీ కర్బన ఉక్కే, అన్నీ ఒకే లావు. మరి మూడు పేర్లు దేనికి? నేను బడిలో చదివినది తక్కువ కాబట్టి తెలియనిది అడగడానికి సిగ్గుపడను. వివరంగా రాయి.

మీ తమ్ముడు క్షేమం. కొత్త గొట్టం వెళ్ళే దారికి సరిగ్గా కిందనే బాయిలరు మనుషుల బల్ల ఉంది. మధ్యాహ్నం దాని మీద ఎరోని కునుకు తీస్తాడు. పని వేళలో నిద్ర కాబట్టి రాసిపెడుతున్నాను. ఇప్పటికి పదకొండు సార్లు.

నీ మేనమామ కొడుకు,
ఇలైతియా

---

గ్లాడ్‌స్టోన్,
6 ఫిబ్రవరి

ఓయ్ బావా,

నువ్వు పుట్టినప్పుడు మంత్రసాని బొడ్డు కోయబోతే "ఆగు, ముందు రాసుకోనీ" అన్నావని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. పదకొండు సార్లా! మా వాడి నిద్ర లెక్కపెట్టడానికి నీకు జీతం ఇస్తున్నారా?

సరే, అడిగావు కాబట్టి చెబుతాను. నూట ఆరో నంబరుకు అతుకు ఉండదు. ఎర్రగా కాలిన ఉక్కు దిమ్మను మధ్యలో పొడిచి గొట్టంగా సాగదీస్తారు. కరిగినప్పుడే సిలికాన్ వేసి ఉక్కులోని పొంగు అణుస్తారు. అది వేడికోసం పుట్టింది. అయిదు వందలో నంబరును రేకు చుట్టి, అంచులు కలిపి అతికిస్తారు. అది స్తంభాలకూ దూలాలకూ పుట్టింది. బరువు మోస్తుంది, వేడి మోస్తానని మాట ఇవ్వలేదు. యాభై మూడోది మన రాతు మామ లాంటిది, ప్రతి విందులోనూ కనిపిస్తుంది, ఏ పనికి పిలిచినా వస్తుంది, కానీ అసలు బరువు దాని మీద పెట్టరు.

ఇక్కడ పవర్‌హౌస్‌లో మా ఇన్‌స్పెక్టరమ్మ ఒకావిడ ఉంది. పైపులు కోసి అతికించే ఈ పనిలో మొదటి వారం నేనొక ముక్క కోశాను. "దీని పేరేమిటి?" అంది. పైపుకు పేరేమిటని నవ్వాను. ఆవిడ నవ్వలేదు. అక్షరాలున్న వైపు కోసేశానట, మిగిలిన ముక్క ఎవరిదో తెలియదట, చెత్తలో వేయించింది. ఇక్కడ పైపును కోసే ముందు దాని నంబరును రెండో ముక్క మీద రాయాలి. నీకు పెళ్ళి సంబంధం చూడాల్సింది ఇలాంటి ఆవిడనే.

నీ లెక్క సరిపోయింది కదా, సరిపోయిన లెక్కను మళ్ళీ గోకకు. అన్నట్టు, ఎరోనిని ఆ బల్ల ఇంకోచోట వేసుకోమను. అక్కడ గాలి రాదు.

సాకియుసా

---

వునితివి,
3 మార్చి

బావ సాకియుసాకు,

నీ వివరణకు కృతజ్ఞతలు. దాన్ని శుభ్రంగా తిరగరాసి గోడకు అంటించాను. రాతు మామ సంగతి మాత్రం వదిలేశాను.

అయితే ఒక మాట. మిల్లు మొత్తంలో గాలి వచ్చే చోటు ఆ బల్ల ఒక్కటే. అక్కడ పదేళ్ళు కూర్చున్న నీకు ఆ సంగతి తెలుసు. మరి అలా ఎందుకు రాశావా అని రెండు రోజులు ఆలోచించాను. మూడో రోజు రాక్ దగ్గరకు వెళ్ళి, మిగిలిన రెండు పైపులలో ఒకదాని లోపలికి మోచేతి వరకు చేయి పెట్టి చుట్టూ తడిమాను. బొటనవేలికి సన్నని గట్టు తగిలింది, తాడు పరిచినట్టు పైపు పొడవునా. రెండోదానిలోనూ అంతే. పైకి ఎక్కి, అమర్చిన వాటిలో చివరిదాని తెరిచి ఉన్న అంచు చూశాను. దానికీ అతుకు ఉంది. బయటివైపు నునుపుగా అరగదీసి రంగు వేసినందువల్ల ఎవరికీ కనిపించలేదు.

దత్ గారి దగ్గరకు వెళ్ళాను. ఆయన పుస్తకం తీసి నా ముందు పడేశారు.

"చదువయ్యా ఇలైతియా. నీ నూట ఆరు ఎంత లాగితే సాగిపోతుంది?"

"చదరపు అంగుళానికి ముప్పై అయిదు వేల పౌండ్లకు."

"అయిదు వందలది?"

"నలభై రెండు వేలకు."

"ఏది ఎక్కువ? కాటా దగ్గర ఉన్నవాడివి, ఆమాత్రం తెలీదా? గట్టిది పెట్టినందుకు ఏడుస్తున్నావేంటి!"

"ఆ నలభై రెండు వేలు చల్లగా ఉన్నప్పుడు కొలిచినవి, సార్. రేకును చల్లగా ఒంచినప్పుడు వచ్చిన బిగువు అది. మన ఆవిరి మూడు వందల ఇరవై డిగ్రీలు. ఆ వేడిలో ఎంత మిగులుతుందో ఈ పుస్తకంలో ఎక్కడా లేదు. నీళ్ళు నింపి ఒత్తిడి పెట్టి పరీక్షించాలన్న నియమం నూట ఆరుకు ఉంది, దీనికి లేదు. స్తంభానికి ఎవరు నీళ్ళు నింపుతారు?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"తీసేస్తే ఏం పెడతావ్? నీ జాబితా చుట్టి పెడతావా? కొత్తవి ఓడలో రావడానికి పద్నాలుగు వారాలు. జూన్ నాలుగుకి గానుగ తిరగాలి. నరికిన చెరకు మనకోసం ఆగుతుందా? ఈ దీవిలో ఇంకో ఆరు పైపులు ఎక్కడున్నాయో చూపించు, రేపే దింపిస్తా. లేదంటే ఆవిరి వదులుతా. ఇన్నేళ్ళలో నా గొట్టం ఏదీ పగల్లేదు."

కనుక, బావా, నాకు తెలియవలసినవి రెండు. ఆ పైపులు రాక్‌లోకి ఎలా వచ్చాయి? మిల్లు తెప్పించిన అసలైన ఆరూ ఎక్కడికి పోయాయి? వాటి పరీక్ష పత్రాలు నా ఫైలులో భద్రంగా ఉన్నాయి. పైపులే లేవు. ఈసారి నవ్వించకపోయినా ఫరవాలేదు.

ఇలైతియా

---

గ్లాడ్‌స్టోన్,
20 మార్చి

బావా,

షాపువాడు తప్పు పైపులు పంపి ఉంటాడు. అలా జరుగుతూనే ఉంటుంది. నువ్వు అలాగే రాసేయ్, దత్ గారు దింపిస్తారు.

నా పని ఖాయం కావాలంటే మన మిల్లు నుంచి నా గురించి మంచి మాట రావాలి. ఆ కాగితం కోసం ఇక్కడ ఎదురుచూస్తున్నారు. ఈ సమయంలో నా రిజిస్టరులో తప్పుందని నువ్వు రాస్తే నా సంగతేమిటో ఆలోచించు. నీ దగ్గర బోలెడు పెన్సిళ్ళున్నాయి, ఒక్క రబ్బరు కూడా లేదా?

ఎరోనిని ఆ బల్ల మీద కూర్చోనివ్వకు. ఈ ఒక్క మాట మాత్రం విను.

సా.

---

వునితివి,
7 ఏప్రిల్

బావ సాకియుసాకు,

నా దగ్గర రబ్బరు లేదు. ఎప్పుడూ లేదు.

షాపువాడి తప్పని రాస్తే ఏమవుతుందో వివరిస్తాను. దత్ గారు కొత్త పైపులకు కబురు పెడతారు. అవి జూలై మధ్యలో గానీ రావు. ఈలోగా జూన్ నాలుగున ఆవిరి వదులుతారు, ఎందుకంటే పెట్టడానికి వేరే పైపులు లేవు. ఎరోనిని బల్ల మీద నుంచి లేపుతాను, నిజమే. కానీ బాయిలరు ముందు నిలబడవలసినవాడు ఎంత దూరం పోగలడు? నీ అబద్ధం నీ కాగితాన్ని కాపాడుతుందేమో కానీ వాణ్ణి కాపాడదు.

కిందటి ఆదివారం ప్రార్థన అయ్యాక నేను కొత్త హాలులోనే ఉండిపోయాను. తుఫానుకు పాత హాలు పడిపోయిన తరువాత కట్టిన హాలు, నేను కార్యదర్శిగా ప్రతి మేకునూ రాసిపెట్టిన హాలు. అలమర నుంచి నా పుస్తకం తీశాను. ఇరవై మూడో పేజీలో నా చేతిరాతతో ఇలా ఉంది: "స్తంభాలకు పైపులు, ఆరు. సాకియుసా ద్వారా మార్పించినవి. దేవునికి స్తోత్రం."

మార్పించినవి. ఈ మాట రాసింది నేనే. దేనికి బదులు దేన్ని మార్పించామో రాయడానికి నా పుస్తకంలో గడి లేదు. సంఖ్య వేశాను, సరిపోయింది, సంతోషించాను.

ఆ శనివారం నేనేం అడిగానో నాకు గుర్తుంది. షాపు నుంచి వచ్చిన పైపులకు అతుకులు చూసి భయపడ్డాను. నీ దగ్గరకు వచ్చి, "బావా, మళ్ళీ తుఫాను వస్తే ఇవి నిట్టనిలువునా చీలిపోతాయేమో, అతుకు లేనివి దొరకవా?" అన్నాను. బావ అడిగితే లేదనడం మన వాళ్ళలో లేదు. అది తెలిసే అడిగాను.

అందుచేత ఈ రిజిస్టరులో మొదట రాయవలసిన పేరు నాది. రెండో పేరు నువ్వు చెప్పేదాకా రాయను. కానీ చెప్పు, బావా. హాలు స్తంభాలపై కప్పు కూర్చుంది, అడుగు కాంక్రీటులో ఉంది, లోపల చేయి పెట్టి చూసే వీలు లేదు. నాకు నా ఊహ కాదు, నీ మాట కావాలి.

ఇలైతియా

---

గ్లాడ్‌స్టోన్,
21 ఏప్రిల్

బావా,

నీ ఉత్తరం నాలుగు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను.

అవును. శనివారం మధ్యాహ్నం మిల్లులో ఎవరూ లేనప్పుడు చెరకు ట్రాక్టరు మీద అటువి ఇటు, ఇటువి అటు మార్చాను. దొంగతనం అనుకోలేదు. ఆరు ఇచ్చి ఆరు తీసుకున్నాను. పైపంటే పైపే అనుకున్నాను, అదే లావు, అదే మందం. దేవుడి ఇంటికి అతుకు లేనిది పోవాలి, మిల్లుకు ఏదైనా చాలు అనుకున్నాను. నువ్వు అడిగావు కాబట్టి ఇచ్చానని చెప్పుకోవచ్చు. కానీ ఇస్తున్నప్పుడు నాకెంత గొప్పగా అనిపించిందో నాకే తెలుసు.

రాక్‌లో పెట్టినవాటి అతుకులు అరగదీసి రంగు వేసింది కూడా నేనే. అంటే తప్పని లోపల ఎక్కడో తెలుసన్నమాట. ఆ సంగతి ఇన్నాళ్ళూ నాకు నేను కూడా చెప్పుకోలేదు.

ఇక్కడికి వచ్చి ఆ ఇన్‌స్పెక్టరమ్మ "దీని పేరేమిటి" అన్న రోజు నేను మిల్లులో ఏం వదిలి వచ్చానో తెలిసింది. ఆ రోజే నీకు రాయాలి. బదులుగా బల్ల జరపమని రాశాను. తమ్ముడు బతకాలి, నా పేరు పోకూడదు. రెండూ ఒకే కవరులో పెట్టి పంపాను, సిగ్గులేకుండా.

ఇప్పుడు పనికొచ్చే సంగతి విను. స్తంభాలు పూర్తి పొడవు పైపులే. అక్షరాలున్న కొసను ఎవరికీ కనబడకుండా కిందికి పెట్టి పాతాను. పాతే ముందు అడుగు తుప్పు పట్టకుండా తారు గుడ్డ మూడు చుట్లు చుట్టాను. గుడ్డ జారకపోతే రాత చెక్కుచెదరకుండా ఉండాలి. దాయడానికి చేసిన పని దేనికైనా అక్కరకొస్తే రానీ.

రెండో పేరు రాసేయ్, పూర్తి పేరు రాయి. ఇక్కడ ఇన్‌స్పెక్టరమ్మకు కూడా చెప్పేశాను. ఆవిడ తన పుస్తకంలో ఏదో రాసుకుంది. నీకు నిజంగా సరిజోడే.

నా తరఫున చర్చి పెద్దల ముందు, మా అమ్మ ముందు నువ్వు మోకరిల్లాలి. ఈసారి అడుగుతున్నది నేను. లేదనవని తెలుసు.

సాకియుసా

---

వునితివి,
26 మే

బావ సాకియుసాకు,

ఆలస్యానికి కారణం పనే. జరిగినది జరిగినట్టు రాస్తాను.

క్షమాపణ అడిగే మన ఆచారం ప్రకారం మా నాన్న దాచిన తిమింగలం పన్ను తీసుకుని ఆదివారం మధ్యాహ్నం హాలు గుమ్మంలో మోకరిల్లాను. పాస్టరు గారు, పెద్దలు, మీ అమ్మ మేరెయాని అత్తయ్య కూర్చున్నారు. నీ ఉత్తరం మొత్తం చదివాను, నీ గొప్ప గురించి నువ్వు రాసినది కూడా. నా పుస్తకంలో ఇరవై మూడో పేజీ కూడా చదివాను. ముందు అత్తయ్యే మాట్లాడింది.

"ఒరేయ్ ఇలైతీ, ఆ పన్ను అలా కొసన పట్టుకోకు, కింద పడేస్తావ్. ముందిది చెప్పు, హాలు కూలుద్దా?"

"కూలదు అత్తయ్యా. మిల్లులో ఉన్నవి మన కోసం కొన్న పైపులే, వాటినే వెనక్కి తెచ్చి పెడతాం. స్తంభానికి పుట్టినవి. ఆ అయిదు వందలో నంబరు ఇక్కడే సరైనది. అతుకు చూసి నేను ఊరికే భయపడ్డాను."

"అంటే రెండేళ్ళు మిల్లువాళ్ళ స్తంభాల కింద కూర్చుని కీర్తనలు పాడామన్నమాట. దేవుడికి అతుకు లేని పైపు కావాలని చెప్పింది ఎవడ్రా? లోపల కూర్చునేవాళ్ళలో అతుకు లేనోడు ఒక్కడున్నాడా, చూపించు!"

పెద్దలు నవ్వారు. ఆమె నవ్వలేదు. పన్ను మీద చేయి వేసి, "తీసుకున్నాం. లేవరా. ఆ పెద్ద కొడుకు రాలేదు కానీ రాశాడు. చిన్నోడు ఆ గొట్టం కింద పడుకుంటాడని నాకెవరూ చెప్పలేదే," అంది.

ఆ సాయంత్రమే వెళ్ళి చెప్తే, మరునాడు పొద్దున్నే దత్ గారు స్వయంగా జాకీలు పట్టుకొచ్చారు. "ఆరు పైపులు చూపించమంటే గుడి విప్పి చూపిస్తావయ్యా నువ్వు," అని గొణుగుతూనే కప్పు కింద దుంగలు పెట్టించారు. మొదటి స్తంభం అడుగు ఎరోనియే తవ్వాడు, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. కాంక్రీటు పగలగొట్టి తారు గుడ్డ విప్పితే, తెల్ల అక్షరాలు నిన్న వేసినట్టున్నాయి. నూట ఆరు, బి రకం, కింద ఏ పోతలో కరిగిందో చెప్పే హీట్ నంబరు. ఎరోని ఒక్కొక్క అంకె చదివాడు, నేను పత్రంలో వేలు పెట్టి సరిచూశాను. అయిదింటికి సరిపోయింది.

ఆరోదానికి గుడ్డ జారింది. నేలలోని ఉప్పు, తడి కలిసి అక్షరాలను తినేశాయి.

"ఇది కూడా వాటి తోబుట్టువే. అందరికీ తెలుసు. ఎక్కించెయ్," అన్నారు దత్ గారు.

"నాకూ తెలుసు సార్. కానీ దీనికి నోరు లేదు. లెక్క సరిపోయిందని ఎక్కించే పని ఒకసారి చేశాం."

ఆయన నన్ను తిట్టారు. ఏ మాటలతోనో రాయను. తరువాత ఫోను దగ్గరకు వెళ్ళి, సముద్రం అవతలి మిల్లులో తన పాత సహోద్యోగిని అడిగారు. ఆరు అడిగితే ఎవరూ ఇవ్వరు, ఒకటి అడిగితే ఇస్తారు. గురువారం ఫెర్రీలో లారీ మీద వచ్చింది, తన పత్రం తాను వెంటబెట్టుకుని. ఆ నోరులేని ఆరోది హాలులోనే స్తంభంగా ఉండిపోయింది. ఇచ్చిన కానుక అంతా వెనక్కి పోలేదని అత్తయ్య సంతోషించింది.

అయిదింటి మందం పన్నెండేసి చోట్ల కొలిచాం. తల దగ్గర అతికిన పలకలు కోసేశాం. తరుగు పడిన చోట నంబరున్న ముక్కలే కలిపాం. ఆరింటికీ నీళ్ళు నింపి ఒత్తిడి పెట్టాం, ఒక్క చుక్క కారలేదు. గొట్టం నుంచి దింపిన పైపులు అంచులు కోయడం వల్ల జానెడు పొట్టివయ్యాయి, హాలు కప్పు కూడా ఆ మేరకు దిగింది. "మనలో అంత పొడుగువాళ్ళు ఎవరున్నారులే," అంది అత్తయ్య.

రిజిస్టరులో రెండు పేర్లూ రాశాను, నాది ముందు. మేనేజరు నాకు హెచ్చరిక కాగితం ఇచ్చారు, దాన్నీ ఫైలు చేశాను. నీ గురించి గ్లాడ్‌స్టోన్‌కు ఏం రాస్తారో దత్ గారు చెప్పలేదు. నేను అడగలేదు. అడిగితే అది కూడా ఒక మార్పించడమే అవుతుందనిపించింది.

ఇలైతియా

---

గ్లాడ్‌స్టోన్,
4 జూన్

బావా,

ఈ రోజు తారీఖు చూశావు కదా. పొద్దున్న నుంచి ఏ పైపు అతికించినా అతుకు వంకర పోతోంది. ఇన్‌స్పెక్టరమ్మ చూసి, "ఇవాళ నువ్వు నిప్పు ముట్టకు, వెళ్ళి కూర్చో," అంది. కూర్చుని ఇది రాస్తున్నాను.

మిల్లు కాగితం ఏదీ ఇంకా రాలేదు. వచ్చినప్పుడు చూద్దాం. ముందు నువ్వు రాయి. పెద్ద జాబితా వద్దు. ఒక్క గీత చాలు.

సాకియుసా

---

వునితివి,
16 జూన్

బావ సాకియుసాకు,

నువ్వు ఒక్క గీత చాలన్నావు. నాకు చేతకాదు, క్షమించు.

నాలుగో తారీఖు పొద్దున ఆరింటికి ఆవిరి వదలడం మొదలుపెట్టారు. పైపు వేడెక్కాలని కొద్దికొద్దిగా, గంటన్నర. మొదట గొట్టం నుంచి పాత చెప్పు నేలకు కొట్టినట్టు టకటక చప్పుళ్ళు వచ్చాయి, లోపలి నీరు పారేదాకా. తరువాత నిశ్శబ్దం. ఎనిమిదింటికి పూర్తి ఒత్తిడి. ఆరు పైపులనూ, వాటి మధ్య ప్రతి అతుకునూ నేను నడిచి చూశాను, రాసుకున్నాను. దత్ గారు నా వెనకే నడిచారు. చివర ఆయన అన్నది ఒక్కటే: "ఆ రిజిస్టరులో కొత్త గడి ఏదో గీశావట, చూపించు." చూపించాను. ఎన్ని అన్న గడి పక్కన, ఎవరు అన్న గడి. ప్రతి పైపుకూ దాని నంబరు, దాని పుట్టుక, దాని పని. సంతకం పెట్టారు.

మొదటి చెరకు పది గంటలకు గానుగలో పడింది.

ఇంకొకటి ఉంది. మధ్యాహ్నం నేను బాయిలరు వైపు వెళ్ళేసరికి మీ తమ్ముడు బల్ల మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు, నోరు తెరుచుకుని, టోపీ మొహం మీద పెట్టుకుని. సరిగ్గా తల పైన గొట్టం, మూడు వందల ఇరవై డిగ్రీలు, చిన్న శబ్దం కూడా లేకుండా. వాడి పక్కన బాయిలరు చూస్తున్నవాడు నన్ను చూసి వాణ్ణి లేపబోయాడు. వద్దని చేయి ఊపాను.

పని వేళలో నిద్ర, ఇంకోసారి రాసిపెట్టాలి. పుస్తకం తెరిచాను, పెన్సిలు తీశాను, ఏమీ రాయకుండా మూసేశాను.

ఇలైతియా